చిటికెడు ఉత్ప్రేరకం - పత్తి బజారుపై బారెడు ప్రభావం

వరంగల్లు: ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తికి పాట జరిగేటప్పుడు ఖరీదుదార్లు చూసే అంశాలు అందరికీ తెలిసినవే. తేమ శాతం, పింజ పొడవు, గింజల ధర, జిన్నింగు మిల్లుల గిరాకీ, ముంబయి కండీ రేటు, న్యూయార్కు వాయిదా ధర. వీటితో పాటు యార్డు గేటు దాటి లోపలికి రాని మరొక సరకు కూడా పత్తి ధరను శాసిస్తున్నది. ఆ సరకు పాలియెస్టర్ ఫైబర్. నూలు మిల్లు యజమాని పత్తి కొనే ముందు పాలియెస్టర్ ఎంతకు దొరుకుతున్నదో చూసుకుంటాడు. ఆ తేడా మరీ పెరిగితే నూలులో పత్తి పాలు తగ్గిస్తాడు. అడ్తి దుకాణం దాకా ఆ ప్రభావం వచ్చి తీరుతుంది.

పాలియెస్టర్ ఇంత చవకగా ఎలా తయారవుతున్నది? ముడి చమురు ధర ఒక్కటే ఇందుకు సమాధానం కాదు. గత శతాబ్దం మధ్యలో కొద్దిమంది రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టి పేటెంటు తీసుకున్న ఉత్ప్రేరకాలే అసలు కారణం. ఈ పేటెంట్లు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎప్పుడు గడువు తీరాయి అన్నదానిని బట్టే పాలియెస్టర్, నైలాన్ ధరలు నడిచాయి. పత్తి వర్తకులు, బ్రోకర్లు తెలుసుకోదగిన విషయమిది.

ఉత్ప్రేరకం అంటే

పాలకు తోడు వేస్తే పెరుగవుతుంది. తోడు చిటికెడు, పాలు కడివెడు. ఉత్ప్రేరకం పని కూడా ఇంచుమించు ఇలాంటిదే. అయితే తోడు పెరుగులో కలిసిపోతుంది. ఉత్ప్రేరకం మాత్రం రసాయనిక చర్యను వేగపరచి, తాను ఖర్చు కాకుండా మిగులుతుంది. కొన్ని పరిశ్రమల్లో దానిని తిరిగి రాబట్టి మళ్లీ వాడతారు. మరికొన్ని చోట్ల సరకులోనే ఉండిపోతుంది.

పాలియెస్టర్ తయారీలో ఉత్ప్రేరకం రెండు మెట్ల దగ్గర అవసరం. మొదటి మెట్టు: చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే పారాజైలీన్‌ను టెరిఫ్తాలిక్ ఆమ్లంగా మార్చడం. బజారులో దీనినే పి.టి.ఎ. అంటారు. రెండో మెట్టు: ఈ ఆమ్లాన్ని గ్లైకాల్‌తో కలిపి పొడవాటి గొలుసుల వంటి పాలియెస్టర్‌గా మార్చడం. ఒక టన్ను పాలియెస్టర్‌కు సుమారు 860 కిలోల పి.టి.ఎ., 340 కిలోల గ్లైకాల్ కావాలి. 860 కిలోల పి.టి.ఎ.కు దాదాపు 570 కిలోల పారాజైలీన్ పడుతుంది. ముడి చమురు ధర మారితే పాలియెస్టర్ ధర మారడం ఈ లెక్క వల్లనే.

నైలాన్ ముందు, పాలియెస్టర్ తరువాత

అమెరికాలోని డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే శాస్త్రజ్ఞుడు 1930ల తొలి సంవత్సరాలలో కృత్రిమ పోగుల మీద పరిశోధన చేశాడు. ఆయన మొదట చేపట్టినవి పాలియెస్టర్లే. కాని ఆయన ఎంచుకున్న ఆమ్లాలతో వచ్చిన పోగులు వేడి నీళ్లకే మెత్తబడేవి, బట్టకు పనికిరానివి. అందువల్ల ఆ దారి విడిచి వేరొక వర్గం పదార్థాలవైపు మళ్లాడు. 1935 ఫిబ్రవరి 28న ఆయన ప్రయోగశాలలో నైలాన్ 66 తయారయింది. కరోథర్స్ 1937 ఏప్రిల్‌లో మరణించాడు. నైలాన్ అనే పేరు 1938లో గాని ప్రపంచానికి తెలియలేదు.

కరోథర్స్ వదిలిన దారిని ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో ఇద్దరు పట్టుకున్నారు. కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే బట్టల అద్దకం సంస్థకు చెందిన జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెన్నెంట్ డిక్సన్ ఆ ఇద్దరు. టెరిఫ్తాలిక్ ఆమ్లం వాడితే పోగు వేడికి తట్టుకుంటుందని వీరు 1941లో రుజువు చేసి పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అదే టెరిలిన్. బ్రిటన్‌లో ఐ.సి.ఐ. కంపెనీ లైసెన్సు తీసుకున్నది. అమెరికా హక్కులు డూపాంట్ కొని, డాక్రాన్ పేరిట సరకు విడుదల చేసింది. అమెరికా పేటెంటు 1949 మార్చిలో మంజూరయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు గడువు గనుక 1966లో అది తీరిపోయింది. విన్‌ఫీల్డ్ మరణించినదీ ఆ సంవత్సరమే.

పత్తి బట్టలకు రంగులద్దే సంస్థ ప్రయోగశాలలోనే పత్తికి పోటీదారు పుట్టడం గమనించదగిన విషయం.

బ్రోమిన్ చేసిన పని

పేటెంటు దొరికినా టెరిలిన్ చవక కాలేదు. చిక్కు టెరిఫ్తాలిక్ ఆమ్లం దగ్గర వచ్చింది. పారాజైలీన్ అణువుకు రెండు కొసలలో రెండు మిథైల్ గుంపులు ఉంటాయి. రెండింటినీ ఆమ్లంగా మార్చాలి. కోబాల్టు లవణం వేసి గాలి పంపితే ఒక కొస తేలికగా మారేది. రెండో కొస మొరాయించేది. నత్రికామ్లంతో బలవంతాన మార్చవచ్చును గాని ఖర్చు ఎక్కువ, సరకులో మలినాలు ఎక్కువ. జర్మనీలో అభివృద్ధి చేసిన పద్ధతిలో మధ్యలో మిథనాల్ కలిపి, విడతల వారీగా డి.ఎం.టి. అనే మరొక సరకుగా మార్చేవారు. దీనిలో మెట్లు ఎక్కువ.

ఈ చిక్కును విప్పిన వారు న్యూయార్కులోని సైంటిఫిక్ డిజైన్ అనే చిన్న సంస్థకు చెందిన ఆల్‌ఫ్రెడ్ సాఫర్, రాబర్ట్ బార్కర్. రాల్ఫ్ లాండవ్ అనే ఇంజనీరు మరొకరితో కలిసి 1946లో స్థాపించిన సంస్థ అది. కోబాల్టు, మాంగనీసు లవణాలకు కొద్దిపాటి బ్రోమిన్ జోడించి, ఎసిటిక్ ఆమ్లం ద్రావణంలో గాలి పంపితే రెండు కొసలూ ఒకే పాత్రలో, ఒకే విడతలో ఆమ్లంగా మారతాయని సాఫర్, బార్కర్ కనుగొన్నారు. ఇంతవరకు మొరాయించిన రెండో కొసను బ్రోమిన్ కదిలించింది. ఆక్సిజన్ కొనవలసిన పని లేదు, మామూలు గాలి చాలు. సరకు నూటికి 95 వంతులకు పైగా చేతికి వస్తుంది.

1954లో దరఖాస్తు పెట్టిన ఈ పేటెంటు 1958 మేలో మంజూరయింది. మిడ్ సెంచరీ అనే కంపెనీ పేరిట ఉన్నందున పద్ధతికి కూడా ఆ పేరే స్థిరపడింది. అయితే పేటెంటు చేతికి రాకముందే, 1956లోనే, ఇండియానా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ దీని హక్కులు కొనేసింది. తరువాత అమోకో అని పేరు మార్చుకున్న కంపెనీ ఇదే. బ్రోమిన్, వేడి ఎసిటిక్ ఆమ్లం కలిస్తే మామూలు ఉక్కు పాత్రలను తినివేస్తాయి. అందువల్ల లోపల టైటానియం రేకు తొడిగిన పాత్రలు వాడవలసి వచ్చింది. చిన్న సంస్థ కనిపెట్టిన పద్ధతిని కర్మాగారం స్థాయికి తేవడానికి చమురు కంపెనీ పెట్టుబడి అవసరమయింది.

పేటెంటు మీద పేటెంటు

ఇంతటితో కథ ముగియలేదు. కొత్త పద్ధతిలో వచ్చిన ఆమ్లంలో ఒక మలినం మిగిలేది. రెండో కొస సగం మారి ఆగిపోయిన అణువులే ఆ మలినం. అది ఉంటే పాలియెస్టర్ గొలుసు మధ్యలో తెగిపోతుంది, పోగు పసుపు తిరుగుతుంది. అమోకో 1960ల మధ్యలో దీనికి మందు కనిపెట్టింది. ముడి ఆమ్లాన్ని వేడి నీటిలో కరిగించి, బొగ్గుపై పూసిన పెల్లేడియం ఉత్ప్రేరకం మీదుగా హైడ్రోజన్‌తో పంపితే మలినం వేరొక పదార్థంగా మారి నీటితో పోతుంది. మలినం 10 లక్షల వంతుల్లో 25 వంతుల లోపుకు దిగింది. పి.టి.ఎ. అనే మాటలోని 'ప్యూరిఫైడ్' అనే విశేషణం అప్పుడు వచ్చినదే. శుద్ధికి సంబంధించిన ముఖ్యమైన పేటెంటు డెల్బర్ట్ మేయర్ పేరిట 1971లో మంజూరయింది.

వర్తకులకు ఇక్కడ ఒక లెక్క కనిపిస్తుంది. మొదటి పేటెంటు 1958లో మంజూరయింది గనుక 1975లో గడువు తీరింది. అప్పటికి ఎవరైనా బ్రోమిన్ పద్ధతి వాడుకోవచ్చు. కాని ఆ సరకును మిల్లు కొనే స్థాయికి శుద్ధి చేయాలంటే 1971 నాటి పేటెంటు అడ్డు వచ్చేది. దాని గడువు 1988 దాకా ఉన్నది. ఒక తాళం ఊడినా రెండో తాళం మిగిలి ఉన్నదన్నమాట. ఈ విధంగా ఒకే సరకుపై 30 ఏళ్లు పట్టు నిలుపుకోవడం సాధ్యమయింది. లైసెన్సు తీసుకున్న వారు చెల్లించే రుసుము పి.టి.ఎ. ధరలో కలిసి, అక్కడి నుంచి నూలు ధరలోకి, బట్ట ధరలోకి దిగేది.

పట్టు సడలిన తరువాత జరిగినది అందరికీ విదితమే. కొరియా, తైవాన్, మన దేశం, ఆ పైన చైనా వరుసగా పెద్ద కర్మాగారాలు నెలకొల్పాయి. 2000 తరువాతి సంవత్సరాలలో ప్రపంచ మార్కెట్లో పాలియెస్టర్ పత్తిని దాటిపోయింది. 2023 లెక్కల ప్రకారం ప్రపంచ ఫైబర్ ఉత్పత్తిలో పాలియెస్టర్ వాటా దాదాపు 57 శాతం కాగా, పత్తి వాటా సుమారు 20 శాతం. అమోకో కూడా 1998లో బి.పి. కంపెనీలో విలీనమయింది. బి.పి. తన పెట్రోరసాయన వ్యాపారాన్ని 2020లో ఇనియోస్ సంస్థకు 500 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్లు ప్రకటించింది.

అంటిమొని ధర ఎంత కదిలిస్తుంది

రెండో మెట్టులో ప్రపంచమంతటా ఎక్కువగా వాడే ఉత్ప్రేరకం అంటిమొని ట్రైయాక్సైడ్. జపానులో కొన్ని సీసా రకాలకు జెర్మేనియం వాడేవారు. సరకు తేటగా వస్తుంది గాని జెర్మేనియం ఖరీదు చాలా ఎక్కువ. టైటానియం వేగంగా పనిచేస్తుంది, కాని పోగుకు పసుపు ఛాయ ఇస్తుంది. అంటిమొని వల్ల కొద్దిగా బూడిద రంగు వచ్చినా, ధర, వేగం, రంగు మూడింటినీ కలిపి చూస్తే ఇదే గిట్టుబాటు అని మిల్లులు తేల్చాయి. టైటానియంలోని పసుపు ఛాయను పోగొట్టే మార్గాలపై పలు కంపెనీలు పేటెంట్లు తీసుకున్నా అంటిమొని స్థానం కదలలేదు.

అంటిమొని ఉత్పత్తిలో చైనాదే పైచేయి. 2024 ఆగస్టులో చైనా అంటిమొని ఎగుమతులపై ఆంక్షలు ప్రకటించి, సెప్టెంబరు 15 నుంచి అమలు పరచింది. 2024 మొదట్లో టన్ను 12 వేల డాలర్ల చుట్టూ ఉన్న ధర 2025లో 50 వేల డాలర్లు దాటింది. నాలుగు రెట్లకు పైగా పెరిగిందన్నమాట. ఈ వార్త విని పాలియెస్టర్ ధర ఆకాశానికి అంటుతుందని, పత్తికి మంచి రోజులు వస్తాయని ఆశించిన వారు లేకపోలేదు. అది ఎందుకు జరగలేదో లెక్క వేస్తే తెలుస్తుంది.

ఒక టన్ను పాలియెస్టర్‌లో ఉండే అంటిమొని సుమారు 200 నుంచి 300 గ్రాములు. సగటున 250 గ్రాములు అనుకుంటే, కిలో 12 డాలర్ల ధరకు దాని ఖర్చు టన్నుకు 3 డాలర్లు. కిలో 50 డాలర్లయితే 12 డాలర్ల 50 సెంట్లు. పెరుగుదల 9 డాలర్ల 50 సెంట్లు. డాలరుకు 85 రూపాయలు కట్టినా టన్నుకు 800 రూపాయల పైచిలుకు, కిలోకు 80 పైసలు. వంద రూపాయల సరకు మీద ఇది ఒక్క శాతం లోపే. అంటే ఉత్ప్రేరకం ధర పెరిగితే మిల్లుకు దెబ్బ తగలదు. ఉత్ప్రేరకం దొరకకపోతేనే దెబ్బ. కొరత వేరు, ధర వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూసిన వారు తప్పు లెక్కన సరకు నిల్వ చేసే ప్రమాదమున్నది.

పి.టి.ఎ. కర్మాగారాలు వాడే కోబాల్టుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రపంచంలో కోబాల్టు ఎక్కువగా వచ్చేది కాంగో నుంచి. ఆ దేశం 2025 ఫిబ్రవరిలో ఎగుమతులు నిలిపివేసి, అక్టోబరు నుంచి కోటాల పద్ధతి పెట్టింది. అయినా పి.టి.ఎ. కర్మాగారాల్లో కోబాల్టును చాలావరకు తిరిగి రాబట్టి వాడతారు గనుక ధరపై దాని భారం స్వల్పం.

నైలాన్ కథ వేరు

నైలాన్ 66కు రెండు ముడి పదార్థాలు కావాలి. ఒకటి ఎడిపిక్ ఆమ్లం, మరొకటి ఒక డయమీన్. ఎడిపిక్ ఆమ్లాన్ని సైక్లోహెక్సేన్ నుంచి, మొదట కోబాల్టు సాయంతో గాలి పంపి, తరువాత రాగి, వెనేడియం ఉత్ప్రేరకాలుగా నత్రికామ్లంతో తయారు చేస్తారు. డయమీన్ విషయంలో మాత్రం డూపాంట్ శాస్త్రజ్ఞుడు విలియం డ్రింకార్డ్ పెద్ద మార్పు తెచ్చాడు. నికెల్, భాస్వరం కలిసిన ఒక ఉత్ప్రేరకంతో బ్యుటడీన్ అనే చవక వాయువు నుంచి ఎడిపోనైట్రైల్ చేయవచ్చని ఆయన బృందం కనుగొన్నది. పేటెంట్లు 1970 ప్రాంతంలో మంజూరయ్యాయి. ఎడిపోనైట్రైల్ నుంచే డయమీన్ వస్తుంది.

ఈ విద్య తెలిసిన కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. పేటెంటు గడువు తీరినా, కర్మాగారంలో ఉత్ప్రేరకాన్ని చెడిపోకుండా నడిపే అనుభవం, విషవాయువును నిర్వహించే నేర్పు కాగితంపై దొరికేవి కావు. అందువల్లనే నైలాన్ 66 ధర చాలా కాలం పాలియెస్టర్ మాదిరిగా దిగలేదు. డూపాంట్ ఫైబర్ వ్యాపారమైన ఇన్విస్టా 2004లో కోక్ సంస్థ చేతికి వెళ్లింది. 2022లో చైనా గడ్డపై ఎడిపోనైట్రైల్ కర్మాగారాలు మొదలైన తరువాతే ఈ సరకులో పోటీ కనిపించింది.

మన దేశంలో వాడుకలో ఉన్నది ఎక్కువగా నైలాన్ 6. 1938లో జర్మనీకి చెందిన పాల్ ష్లాక్, డూపాంట్ పేటెంట్ల పరిధిలోకి రాకుండా, కేప్రోలాక్టం అనే ఒకే ముడి పదార్థంతో దీనిని తయారు చేశాడు. పేటెంటు ఒక దారి మూస్తే మరొక దారి తెరుచుకుంటుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. బరోడాలో గుజరాత్ స్టేట్ ఫర్టిలైజర్స్ సంస్థ 1974లో, కేరళలో ఫాక్ట్ సంస్థ 1990లో కేప్రోలాక్టం తయారీ చేపట్టాయి. ఎరువుల కంపెనీలు ఈ పనిలోకి దిగడానికి కారణం లేకపోలేదు. పాత పద్ధతిలో ఒక టన్ను కేప్రోలాక్టంతో పాటు టన్నులకొద్దీ అమ్మోనియం సల్ఫేటు వస్తుంది. జపానుకు చెందిన సుమిటోమో 2003లో కొత్త ఉత్ప్రేరకంతో అమ్మోనియం సల్ఫేటు రాని పద్ధతి అమలు పరచింది. వరంగల్లు ఎరువుల వర్తకులకు చేరే అమ్మోనియం సల్ఫేటు వెనుక, పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో జాలర్లు వేసే నైలాన్ వలల వెనుక ఒకే కర్మాగారం ఉండే అవకాశమున్నదని దీనివల్ల తెలుస్తుంది.

మన చట్టం, మన కర్మాగారాలు

భారతదేశంలో పేటెంట్ల చట్టం మూడు దశలుగా మారింది. 1911 నాటి చట్టం కింద గడువు 16 ఏళ్లు. 1970 చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చి గడువును 14 ఏళ్లకు తగ్గించింది. అంతకంటె ముఖ్యంగా, రసాయన పదార్థాలకు పేటెంటు ఇవ్వరాదని, వాటిని తయారు చేసే పద్ధతికి మాత్రమే ఇవ్వాలని నిర్దేశించింది. 2003 నుంచి గడువు దరఖాస్తు తేదీ మొదలు 20 ఏళ్లయింది. 2005 జనవరి 1 నుంచి పదార్థాలకు కూడా పేటెంటు లభిస్తున్నది. కనుక ఈ రోజు కొత్తగా కనిపెట్టిన ఉత్ప్రేరకానికి, దానిని వాడే పద్ధతికి రెండింటికీ రక్షణ ఉంటుంది. ఏటా రుసుము చెల్లించకపోతే మాత్రం గడువు లోపే హక్కు పోతుంది.

దేశంలో పాలియెస్టర్ 1960ల మధ్యలో థానేలో ఐ.సి.ఐ. సంబంధిత సంస్థ ద్వారా 'టెరీన్' పేరిట మొదలయింది. ఆ రోజుల్లో టెరికాట్ చొక్కా హోదాకు గుర్తు. ఇస్త్రీ అక్కరలేని బట్ట అని పెళ్లిళ్లకు దాచి తొడిగేవారు. బరోడాలో ఐ.పి.సి.ఎల్. 1970లలో డి.ఎం.టి. తయారు చేసింది. 1982లో రిలయన్స్ పాతాళగంగ కర్మాగారం డూపాంట్ సాంకేతిక సహాయంతో పాలియెస్టర్ నూలు మొదలుపెట్టింది. ఆ తరువాత పి.టి.ఎ. కూడా దేశంలోనే తయారవుతూ వచ్చి, హల్దియా, పానిపట్టులకు విస్తరించింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం దిగుమతి పి.టి.ఎ.పై డంపింగు నిరోధక సుంకం ఎత్తివేసింది. 2025 నవంబరులో పి.టి.ఎ., గ్లైకాల్, పాలియెస్టర్ ఫైబర్‌లపై ఉన్న నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులను కూడా రద్దు చేసింది. చవక సరకు రావడానికి ఉన్న అడ్డంకులు ఒకటొకటిగా తొలగాయన్నది స్పష్టం.

పరిశోధనలో మనవారు వెనుకబడి లేరు. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పాల్ రత్నస్వామి, దర్భా శ్రీనివాస్, ఎస్.ఎ. చవాన్ కోబాల్టు, మాంగనీసు సముదాయాలను జియోలైట్ అనే గుల్ల రాయి వంటి పదార్థం లోపల బంధించి, ఘన ఉత్ప్రేరకంగా వాడవచ్చని 2001, 2002 సంవత్సరాలలో ప్రకటించారు. ఒకే రకం ఉత్ప్రేరకంతో అటు పాలియెస్టర్‌కు కావలసిన టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇటు నైలాన్‌కు కావలసిన ఎడిపిక్ ఆమ్లం, అదీ నత్రికామ్లం లేకుండా, తయారు చేసి చూపడం ఈ పనిలోని విశేషం. ఘన ఉత్ప్రేరకాన్ని వడపోసి తిరిగి వాడుకోవచ్చును.

వరంగల్లు బజారుకు దీనితో పని

ఈ జిల్లాకు కృత్రిమ పీచు కొత్త కాదు. మంగపేట సమీపాన కమలాపురంలో రేయాన్‌కు కావలసిన గుజ్జు కర్మాగారం 2014 వరకు నడిచింది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వరంగల్లు పత్తికి ఇంటి ముంగిటి గిరాకీగా ఉండేది. అది మూతపడి చాలా ఏళ్లయింది. పొరుగున ఉన్న సిరిసిల్లలో వేల సాంచాలు పాలియెస్టర్ బట్ట నేస్తాయి. 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల ఆర్డర్లతో సిరిసిల్లకు పని దొరికింది గాని, పత్తి పండే నేల పక్కనే ఆ పోగు బయటి నుంచి వచ్చిన పాలియెస్టర్.

ధరల తేడా ఎంతో ఒకసారి లెక్క వేయవచ్చు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. క్వింటాలు పత్తికి 34 కిలోల దూది, 64 కిలోల గింజలు వస్తాయని, గింజలు క్వింటాలు 3,500 రూపాయలని అనుకుంటే, గింజల రాబడి 2,240 రూపాయలు. మిగిలిన 5,870 రూపాయలు 34 కిలోల దూది మీద పడతాయి. కిలోకు దాదాపు 172 రూపాయల 65 పైసలు. 356 కిలోల కండీకి 61 వేల రూపాయల పైచిలుకు, జిన్నింగు ఖర్చు గాక. బజారులో కండీ ధర ఇంతకంటె తక్కువగా ఉన్నప్పుడు ప్రైవేటు ఖరీదుదారు మద్దతు ధర పెట్టలేడు. సరకు కాటన్ కార్పొరేషన్ కేంద్రాలకు మళ్లుతుంది.

ఇక మిల్లు వైపు నుంచి చూస్తే, కండీ 55 వేలు అనుకున్నా దూది కిలో 154 రూపాయల 50 పైసలు. పాలియెస్టర్ ఫైబర్ కిలో 100 రూపాయలు అనుకుంటే, 65 పాళ్లు పాలియెస్టర్, 35 పాళ్లు పత్తి కలిపిన 100 కిలోల ముడి సరకు 11,907 రూపాయలకు వస్తుంది. అచ్చంగా పత్తి అయితే 15,450 రూపాయలు. తేడా 3,500 రూపాయలకు పైనే. దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ ఫైబర్‌పై జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి, నూలుపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను విషయంలో పత్తికి ఇంతవరకు ఉన్న ఆధిక్యం దీనితో పోయింది.

సీసాల బేరం

2017లో శంకుస్థాపన జరిగిన గీసుగొండ, సంగెం మండలాల కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో మొదట ఉత్పత్తికి వచ్చిన వాటిలో గణేశా సంస్థ కర్మాగారం ఒకటి. 2022లో ప్రారంభమైన ఈ కర్మాగారం ముడి సరకు వాడి పారేసిన నీళ్ల సీసాలు, శీతల పానీయాల సీసాలు. వాటిని కడిగి, ముక్కలు చేసి, కరిగించి మళ్లీ పాలియెస్టర్‌గా మారుస్తారు. ఈ పద్ధతిలో కొత్తగా అంటిమొని వేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. మొదటిసారి సీసా చేసినప్పుడు వేసిన ఉత్ప్రేరకమే లోపల మిగిలి ఉండి, గొలుసులను తిరిగి పొడిగించడానికి ఉపయోగపడుతుంది. ఎక్కడో చైనా గనిలో తవ్విన లోహం సీసాలో చేరి, పాత సామాను దుకాణం మీదుగా వరంగల్లులో రెండోసారి పనిచేస్తున్నదన్నమాట.

పాత సామాను వర్తకులకు ఇది నేరుగా తగిలే సంగతి. 2022లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు గట్టి ప్లాస్టిక్ పాత్రలలో 2025-26 నుంచి 30 శాతం మేరకు తిరిగి వాడిన ప్లాస్టిక్ ఉండాలని, ఆ పైన ఏటా పెరగాలని లక్ష్యం విధించాయి. సీసా కోసం, ఫైబర్ కోసం ఒకే పాత సీసాకు ఇద్దరు కొనుగోలుదార్లు ఏర్పడ్డారు. కాని ముడి చమురు చవకయితే కొత్త పాలియెస్టర్ ధర పడిపోతుంది. అప్పుడు పాత సీసా ధర నిలబడదు. నిల్వ పెట్టే వర్తకుడు చమురు ధరపై కన్నేసి ఉంచడం శ్రేయస్కరం.

సీసాను, బట్టను తిరిగి మూల పదార్థాలుగా విడగొట్టే రసాయన పద్ధతులు కూడా వస్తున్నాయి. గ్లైకాల్‌తో మరిగించి జింకు ఎసిటేటు వంటి ఉత్ప్రేరకంతో విడగొట్టడం వాటిలో పాతది, అందరికీ తెలిసినది. పత్తి, పాలియెస్టర్ కలిసిన బట్టను విడదీసే ఉత్ప్రేరకాలపై కొత్త పేటెంట్లకు దరఖాస్తులు పడుతున్నాయి. వీటి గడువు 20 ఏళ్లు. ఒకప్పుడు బ్రోమిన్ పేటెంటుకు జరిగినట్లే, ఇక్కడ కూడా హక్కు ఉన్నంత కాలం రుసుము, హక్కు తీరాక పోటీ, పోటీ తరువాత ధర తగ్గుదల వరుసగా రావచ్చును.

గమనించవలసినవి

వర్తకులు, బ్రోకర్లు దృష్టిలో ఉంచుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. అంటిమొని, కోబాల్టు ధరల వార్తలు పాలియెస్టర్ ధరను పైసల్లో కదిలిస్తాయి. పారాజైలీన్, గ్లైకాల్ ధరలు రూపాయల్లో కదిలిస్తాయి. ఎగుమతి నిషేధం వంటి వార్త వచ్చినప్పుడు ధర ఎంత పెరిగింది అన్నదానికంటె సరకు దొరుకుతున్నదా అని విచారించడం అవసరం. కొత్త పద్ధతి పేరు చెప్పి సరకు అమ్మజూపే వారిని పేటెంటు దరఖాస్తు తేదీ అడగాలి. గడువు ఎంత మిగిలి ఉన్నదో దానిని బట్టి తేలుతుంది.

పత్తికి ఇక రోజులు లేవని దీని అర్థం కాదు. ఒంటికి గాలి తగలడంలో, చెమట పీల్చడంలో పత్తికి సాటి రాగల ఉత్ప్రేరకాన్ని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ప్రపంచ వాటాలో వెనుకబడినా, మన దేశపు మిల్లుల్లో పత్తిదే పెద్ద పాలు. అయితే పత్తి ధర పైకి పోవడానికి కనిపించని కప్పు ఒకటి ఉన్నది. ఆ కప్పు ఎత్తు పాలియెస్టర్ ధరను బట్టి నిర్ణయమవుతుంది. యార్డులో బస్తా విప్పే ముందు ఆ ధర ఎంతో తెలుసుకున్న ఖరీదుదారు పాటలో తొందరపడడు.